చీకట్లో ఎన్ని చచ్చాయి, వెలుగులో ఎన్ని?

పోయిన నెల ఒక ఉత్తరానికి జవాబు రాస్తూ, వెండికి క్రిముల్ని చంపే గుణం ఉందని మాటవరసకి ఒక వాక్యం రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు వెండి పేరు చెప్పి ఏదో ఒకటి అమ్మజూపుతున్నట్టే ఉంది. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి జరిపి ఈసారి వెండి మీదే కూర్చున్నాను.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. అసోసియేషన్ లెక్కలు నేనే చూస్తాను. ఒక కంపెనీ వాళ్లు వచ్చి లిఫ్ట్ బటన్లకి, మెట్ల రెయిలింగ్‌కి, జిమ్ సామానుకి 'లైట్ యాక్టివేటెడ్ నానో సిల్వర్' కోటింగ్ కొడతామంటున్నారు. వెలుగు పడితే చాలు, బ్యాక్టీరియా, వైరస్ 99.9% చచ్చిపోతాయట, ఒక్కసారి కొడితే ఏడాది గ్యారంటీ అట. సగం మంది వేయిద్దామంటున్నారు, సగం మంది మోసమంటున్నారు. మీటింగ్‌లో నేనేం చెప్పాలి సార్?
— అసోసియేషన్ ట్రెజరర్, హైదరాబాద్

జవాబు: సైన్స్ నిజమే. మీ లిఫ్ట్‌లో అది పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ముందు మీ ఎడమ చేతి చూపుడు వేలు గుర్తు తెచ్చుకోండి. ఓటేసిన రోజు బూత్‌లో గీసిన సిరా గీత మొదట ఊదాగా ఉంటుంది, ఎండలో ఇంటికి నడిచొచ్చేసరికి నల్లబడిపోయి ఇక సబ్బుకీ లొంగదు, నిమ్మకాయకీ లొంగదు. అందులో ఉన్నది సిల్వర్ నైట్రేట్. అది చర్మం మీది ఉప్పుతో కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది, దాని మీద వెలుతురు పడగానే అసలు వెండి సన్న రేణువులుగా బయటపడి చర్మంలోనే నల్లగా దిగబడుతుంది. 1962 ఎన్నికల నుంచీ ఈ సిరాని మైసూర్ పెయింట్స్ అండ్ వార్నిష్ అనే కర్ణాటక ప్రభుత్వ కంపెనీ తయారుచేసి ఇస్తోంది. అంటే వెలుగుకి స్పందించే వెండి మనకేం కొత్త కాదు, ప్రతి ఎన్నికలకీ వేలికి పూయించుకుని వస్తున్నాం.

నాకైతే డిగ్రీ రోజుల్లోనే పరిచయం. ల్యాబ్‌లో గోధుమ రంగు సీసాలోంచి సిల్వర్ నైట్రేట్ బ్యూరెట్‌లో పోస్తూ నాలుగు చుక్కలు వేళ్ల మీద పోసుకున్నాను. నీళ్లలాగే ఉంది కదా అని ప్యాంటుకి తుడుచుకుని ఊరుకున్నాను. మధ్యాహ్నం బస్‌స్టాప్‌లో అరగంట ఎండలో నిలబడ్డాక చూసుకుంటే మూడు వేళ్ల కొసలు బొగ్గు తోమినట్టున్నాయి. ఇంటికెళ్తే మా అమ్మ ఎక్కడ తగలేసుకొచ్చావురా అని తిట్టి, వెండి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి మరీ తోమింది. చెయ్యి మండింది గానీ మచ్చ కదల్లేదు, చర్మం పొర ఊడేదాకా అలాగే ఉంది. ప్యాంటు మీది మచ్చ మాత్రం ప్యాంటు ఉన్నంత కాలం ఉంది.

సరే, క్రిములెందుకు చస్తాయి? వెండికి గంధకమంటే మహా ఆశ. గాలిలో రవ్వంత గంధకపు ఆవిరి ఉన్నా పట్టేసుకుంటుంది, దేవుడి గదిలో వెండి కుందులు నల్లబడేది అందుకే, వెండి చెంచాతో ఉడకబెట్టిన గుడ్డు తింటే చెంచా నల్లబడేదీ అందుకే. బ్యాక్టీరియా ఒంట్లోని ప్రొటీన్లలోనూ గంధకం ఉంటుంది. వెండి అయాన్లు వెళ్లి ఆ గంధకాన్ని గట్టిగా పట్టుకుంటే ఆ ప్రొటీన్లు పని మానేస్తాయి, శ్వాస ఆగుతుంది, పై పొర చిల్లులు పడుతుంది. వైరస్‌ల మీదా ఇలాంటిదే జరుగుతుంది. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో 10 నానోమీటర్లకన్నా (నానోమీటరంటే మిల్లీమీటర్‌లో పది లక్షల వంతు) చిన్న వెండి రేణువులు హెచ్ఐవీ పైనున్న ముళ్లకి అతుక్కుని, అది కణంలోకి దూరకుండా అడ్డుపడటం కనిపించింది. అది ల్యాబ్‌లో, గాజుపాత్రలో చూసిన సంగతి, మందు కాదు. అయితే ఇదంతా చీకట్లోనూ జరిగే పనే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇక వెలుగు చేసే పని. ఈ పూతల్లో చాలావాటిలో వెండితో పాటు టైటానియం డయాక్సైడ్ ఉంటుంది, గోడకి వేసే తెల్ల పెయింట్‌లో తెలుపు ఇదే. దీని మీద తగిన వెలుగు పడితే లోపలి ఎలక్ట్రాన్లు ఎగిరి, ఉపరితలం మీదున్న తేమనీ ఆక్సిజన్‌నీ మహా దూకుడుగా ఉండే రూపాల్లోకి మారుస్తాయి. హైడ్రాక్సిల్ రాడికల్ అంటారు, సూపర్ ఆక్సైడ్ అంటారు, ఎదురుపడిన సేంద్రియ పదార్థాన్నల్లా కొరికేస్తాయి. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు వేసి నీటిని విడగొట్టి చూపించిన దగ్గర్నుంచి ఈ రంగం ఊపందుకుంది. చిక్కల్లా ఒక్కటే, ఆ 'తగిన వెలుగు' అల్ట్రావయొలెట్. దాదాపు 388 నానోమీటర్లకన్నా తక్కువ తరంగదైర్ఘ్యం ఉండాలి. ఎండలోనే ఆ భాగం నూటికి నాలుగైదు పాళ్లు. మీ లిఫ్ట్‌లో ఉన్నది ఎల్ఈడీ అయితే అందులో దాదాపు సున్నా, ఎందుకంటే తెల్ల ఎల్ఈడీ అంటే 450 నానోమీటర్ల దగ్గరుండే నీలం వెలుగుకి పసుపు పూత తొడిగిందే.

ఇదిగో, ఇక్కడే వెండి సమ్మేళనాలు ముందుకొచ్చాయి. సిల్వర్ క్లోరైడ్ పలుకుల మీద సన్నటి వెండి చుక్కలు ఏర్పడితే, ఆ చుక్కలు మామూలు వెలుగుని కూడా పట్టుకుంటాయి. చైనాలో షాన్‌డాంగ్ యూనివర్సిటీ వాళ్లు 2008లో ఇది చూపించారు. 2010లో జపాన్ నుంచి సిల్వర్ ఫాస్ఫేట్ వచ్చింది, పసుప్పచ్చటి పొడి, 530 నానోమీటర్ల దాకా, అంటే నీలం, ఆకుపచ్చ వెలుగుకి కూడా లేస్తుంది. వినడానికి బాగుంది కదా, కానీ మా అమ్మ తోమిన వేళ్లు గుర్తున్నాయి కదా? అదే జబ్బు ఇక్కడా ఉంది. వెలుగుతో పనిచేస్తూ పనిచేస్తూ ఆ సమ్మేళనమే కొద్దికొద్దిగా మామూలు వెండిగా మారి నల్లబడుతుంది. దీపం వెలిగిస్తూనే వత్తి కాలిపోయినట్టు. ఈ వత్తిని కాపాడటం ఎలాగన్నదే ఇప్పటి పరిశోధనల్లో పెద్ద పని.

మా కాంప్లెక్స్‌కీ ఇలాంటి కంపెనీ ఒకటి వచ్చింది, పేరెందుకు లెండి. ఆ కుర్రాడు టెర్రస్ మీదికి తీసుకెళ్లి రెండు తెల్ల టైల్ ముక్కలు పెట్టాడు, ఒకటి పూత వేసింది, ఒకటి వేయనిది. రెండింటి మీదా మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు చుక్కలు వేశాడు. మే నెల ఎండ. గంటలో పూత ఉన్న ముక్క మీద నీలం వెలిసిపోయింది, రెండోదాని మీద అలాగే ఉంది. అందరూ చప్పట్లు. నేను ఆ పూత ముక్క మీద మళ్లీ ఒక చుక్క వేయించుకుని, లిఫ్ట్‌లో బటన్ల పక్కన టేపుతో అతికించాను. మర్నాడు పొద్దున పాల ప్యాకెట్‌కి దిగుతూ చూస్తే నీలం నీలంగానే ఉంది. కుర్రాడు అబద్ధమేం చెప్పలేదండీ పాపం, ఎండలో పనిచేసేదాన్ని ఎండలో చూపించాడు. మనమే లిఫ్ట్‌లోకి కొనబోయాం.

ఇంకొకటి, ఈ రాడికల్స్ బతికేది రెప్పపాటులో ఎన్నో లక్షల వంతు. పుట్టిన చోటి నుంచి వెంట్రుక మందం దూరం కూడా పోలేవు. క్రిమి వచ్చి పూతకి ఆనితేనే పని. మరి మన లిఫ్ట్ బటన్ మీద ఏముంటుంది? తలకి రాసుకున్న కొబ్బరినూనె, చెమట, పిల్లల చేతి చాక్లెట్. ఈ జిడ్డు ఒక పొర కడితే పైన కూర్చున్న క్రిమికి కింద వెండి ఉందన్న సంగతే తెలియదు. పైగా చెమటలోని ఉప్పు వెండి అయాన్లని పట్టి సిల్వర్ క్లోరైడ్‌గా కూర్చోబెట్టేస్తుంది.

కాబట్టి మీటింగ్‌లో మీరు వాళ్లని అడగాల్సింది ఇది: మీ టెస్ట్ ఏ వెలుగులో చేశారు, ఎన్ని లక్స్ (వెలుగుని కొలిచే లెక్క), ఎన్ని గంటలు, అదే పూత చీకట్లో ఉంచితే ఎన్ని చచ్చాయి? వెలుగులో 99.9, చీకట్లో 99.5 వచ్చాయంటే అక్కడ పనిచేసింది వెండి, 'లైట్ యాక్టివేటెడ్' అన్నది అట్టమీద బొమ్మ. చీకటి లెక్క అసలు లేనేలేదంటే టీ ఇచ్చి పంపించేయండి. ఏడాది గ్యారంటీ అంటే రోజూ ఫినాయిల్ గుడ్డతో తుడిచాక కూడానా అని అడగండి. అమెరికాలో రోగాల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో తేల్చింది ఏమిటంటే, వైరస్ అంటిన వస్తువుని ముట్టుకుంటే కోవిడ్ వచ్చే అవకాశం సాధారణంగా 10,000లో 1కన్నా తక్కువ అని. నా మాట అడిగితే ఆ డబ్బుతో లిఫ్ట్‌లో మంచి ఫ్యాన్ పెట్టించండి, కింద వాచ్‌మన్ గది దగ్గర ఒక వాష్‌బేసిన్, సబ్బు పెట్టించండి.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మాకు వచ్చిన యాంటీమైక్రోబియల్ షీట్ రిపోర్టులో ఐఎస్‌ఓ 22196 ప్రకారం 99.9% అని ఉంది. అంతర్జాతీయ ప్రమాణం కదా, నమ్మొచ్చా?
— వరంగల్

జవాబు: రిపోర్టుని నమ్మండి, అది దేని గురించి చెబుతోందో కూడా చూడండి. 22196లో ఏం చేస్తారంటే బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని ఆ ముక్క మీద పోసి, పైన పల్చటి ప్లాస్టిక్ కప్పి, ఆరకుండా 35 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచుతారు. అంటే తడిగా, వెచ్చగా, ఒక రోజంతా. మీ వార్డులో మంచం కమ్మీ ఎప్పుడైనా అలా ఉంటుందా? వెండి అయాన్లు కదలాలంటే తడి కావాలి, పొడి కమ్మీ మీద అవి కూర్చున్న చోటే కూర్చుంటాయి. ఇంకోటి, ఈ టెస్ట్‌లో వెలుగు ప్రసక్తే లేదు. వెలుగుతో పనిచేసే పదార్థాలకి వేరే టెస్టులున్నాయి, అల్ట్రావయొలెట్ కింద అయితే ఐఎస్‌ఓ 27447, గదిలో మామూలు లైట్ల కింద అయితే 17094. వెలుగు పేరు చెప్పి అమ్ముతూ 22196 రిపోర్టు చేతిలో పెడితే, డ్రైవింగ్ లైసెన్స్ అడిగితే రేషన్ కార్డు చూపించినట్టే.

99.9% అన్న మాట కూడా ఒకసారి విడదీసి చూడండి, మీకు తెలిసిన లెక్కే. 10 లక్షల బ్యాక్టీరియాలో 1,000 మిగిలాయి. ఈ.కోలై మంచి తిండి దొరికితే 20 నిమిషాలకి రెట్టింపవుతుంది కాబట్టి ఆ 1,000 మళ్లీ 10 లక్షలు కావడానికి పది రెట్టింపులు, అంటే మూడు గంటల 20 నిమిషాలు. అందుకే చంపడం ఎంత ముఖ్యమో తిండి దొరక్కుండా తుడవడం అంతకన్నా ముఖ్యం.

ఆసుపత్రి వాళ్లు కాబట్టి ఇంకొక మాట. వెండికి బ్యాక్టీరియా అలవాటు పడదు అని సేల్స్ వాళ్లు చెబుతారు. పడింది. 1975లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ కాలిన గాయాల వార్డులో వెండికి లొంగని సాల్మొనెల్లా బయటపడి ముగ్గురి ప్రాణం తీసింది. ఆ రోజుల్లో అక్కడ గాయాలకి సిల్వర్ నైట్రేట్ ద్రావణం విరివిగా వాడేవారు. వెండిని తట్టుకునే ఆ జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకగలిగే ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ముక్క మీద ఉన్నాయని తర్వాత తేలింది. కాబట్టి అవసరమున్న చోట వాడాలి గానీ సాక్సులకీ, చీపురు కట్టలకీ, ఫోన్ కవర్లకీ పూసి పారేయడం నాకైతే నచ్చదు.

ప్రశ్న: గారెలు వేస్తుంటే నూనె చింది మా అత్తగారి ముంజేయి కాలింది. మందుల షాపులో తెల్ల ఆయింట్‌మెంట్ ఇచ్చారు. మూత సరిగ్గా పెట్టలేదు, వారానికల్లా పైన బూడిద రంగు వచ్చింది. చెయ్యి మీద రాసిన చోటా నల్లగా కనిపిస్తోంది. గాయం కుళ్లిందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్.
— ఒక గృహిణి, భీమవరం

జవాబు: అమ్మా, ముందు గాయం చూడండి. ఎర్రదనం పాకుతూ ఉన్నా, చీము, వాసన, జ్వరం ఉన్నా, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, నా జవాబు తర్వాత చదవొచ్చు. అవేం లేకుండా ఉత్త రంగే అయితే అది బహుశా మందు రంగు. మీ ట్యూబ్ మీద సిల్వర్ సల్ఫాడయాజిన్ 1% అని ఉంటుంది చూడండి. 1968లో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి చెందిన చార్లెస్ ఫాక్స్ కాలిన గాయాలకి దీన్ని తెచ్చాడు. వెండి సమ్మేళనం కాబట్టి వెలుగు తగిలితే నల్లబడుతుంది, పైన చెప్పిన ఓటు సిరా కథే. అలా రంగు మారిన ట్యూబ్ పారేయండి, కొత్తది తెచ్చుకున్నా మూత పెట్టి చీకటిగా ఉన్న అలమరలో పెట్టండి. అంటే ఈ మందులో వెలుగు సాయం కాదు, శత్రువు.

అసలు దీన్ని ఇంకా వాడాలా అన్నది డాక్టర్‌ని అడగండి. చిన్న గాయాలకి ఇప్పుడు వేరే డ్రెస్సింగులు వచ్చాయి, ఈ క్రీముతో గాయం మానడం ఆలస్యమవుతుందని చాలా అధ్యయనాల్లో కనిపించింది. సల్ఫా మందులు పడనివాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, రెండు నెలలు నిండని పసిపిల్లలకి ఇది వద్దు. ఈసారి ఎవరికైనా కాలితే (కాలకూడదనే కోరుకుందాం) కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసు ఏవీ వద్దు. మా వీధిలో ఇప్పటికీ ముందు పేస్టు ట్యూబే వెతుకుతారు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్న మా మేనమామ వచ్చినప్పుడు 'కొలాయిడల్ సిల్వర్' అని రెండు సీసాలు తెచ్చాడు. రోజూ పది చుక్కలు నాలుక కింద వేసుకుంటే జలుబు, వైరల్ జ్వరాలు రావట. అమెరికా సరుకు కదా అని అమ్మ రోజూ వేసుకుంటోంది. నాకు భయంగా ఉంది.
— రాజమండ్రి

జవాబు: మీ భయం సరైనదే. ఆపించండి, ఈ రోజే. కొలాయిడల్ సిల్వర్ అంటే నీళ్లలో తేలే సన్నటి వెండి రేణువులే. అమెరికా సరుకే కానీ అమెరికా ప్రభుత్వం ఏమందో చూడండి. అక్కడ మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 1999లోనే కొలాయిడల్ సిల్వర్‌ని మందుగా అమ్మడానికి అది సురక్షితమనీ పనిచేస్తుందనీ ఒప్పుకునే ఆధారం లేదని నియమం తెచ్చింది. 2020 మార్చిలో, కోవిడ్ మొదలైన కొత్తలో, దీన్ని కోవిడ్ మందని అమ్ముతున్నవాళ్లకి హెచ్చరిక ఉత్తరాలు పంపింది. మందని చెప్పి అమ్మకూడదు గానీ సప్లిమెంట్ అని అట్ట మార్చి అమ్ముకోవచ్చు, ఆ సందులోంచే మీ మామయ్య సూట్‌కేసులోకి వచ్చింది.

గాజుపాత్రలో క్రిమిని చంపేది కడుపులోకి వెళ్లాక కూడా చంపుతుందని అనుకోవడమే ఇక్కడ పొరపాటు. కడుపులో ఉప్పు ఉంది, ప్రొటీన్లు ఉన్నాయి, గంధకం ఉంది, వెండి వాటన్నిటికీ అంటుకుపోతుంది. కొంత రక్తంలోకి వెళ్లి చర్మం కింద పేరుకుంటుంది. అక్కడ ఎండ తగులుతుంది. అంతే, పాత ఫొటో ఫిల్మ్ మీద జరిగిందే మనిషి ముఖం మీద జరుగుతుంది: వెండి నల్లటి రేణువులుగా మారి చర్మం నీలం కలిసిన బూడిద రంగు తేలుతుంది. ముఖం, మెడ, చేతులు, ఎండ తగిలే చోట ఎక్కువ, బట్ట కప్పిన చోట తక్కువ. దీన్ని ఆర్జీరియా అంటారు. సబ్బుతో, క్రీములతో పోదు. పాల్ కారసన్ అనే అమెరికా ఆయన ఇంట్లోనే ఇలాంటి వెండి నీళ్లు చేసుకుని ఏళ్ల తరబడి తాగి నీలం మనిషి అయిపోయి టీవీల్లో కనిపించాడు, 2013లో చనిపోయేదాకా అదే రంగు. 'లైట్ యాక్టివేటెడ్ సిల్వర్' అన్న మాట నిజంగా అతికినట్టు సరిపోయేది ఏమైనా ఉందంటే ఇదే.

కొన్ని రోజులు పది చుక్కలు వేసుకున్నంత మాత్రాన అమ్మ నీలంగా మారిపోరు, కంగారు పెట్టకండి. థైరాయిడ్ మాత్రగానీ, కొన్ని రకాల యాంటీబయాటిక్స్‌గానీ వాడుతుంటే వెండి వాటిని ఒంటికి పట్టనివ్వదు, ఆ సంగతి మాత్రం డాక్టర్‌కి చెప్పండి. మామయ్య మనసు కష్టపెట్టడం ఎందుకనుకుంటే సీసా దాచేసి, అయిపోయిందని చెప్పండి.

ప్రశ్న: మా వాటర్ ఫిల్టర్‌లో 'సిల్వర్ కార్బన్' ఉందంటున్నారు. అది ఎండ తగలని డబ్బాలో ఎలా పనిచేస్తుంది? అందులోని వెండి మా ఒంట్లోకి వెళ్లదా? పాప ఉగ్గు కూడా వెండి గిన్నెలోనే పెడుతున్నాం.
— నెల్లూరు

జవాబు: చీకట్లోనూ పనిచేస్తుందని మొదటి జవాబులో చెప్పింది ఇందుకే. ఫిల్టర్‌లో వెండికి వెలుగుతో పని లేదు. బొగ్గు మురికిని పీల్చుకుంటుంది, ఆ మురికి తిని బ్యాక్టీరియా ఆ బొగ్గులోనే కాపురం పెట్టకుండా వెండి కాపలా కాస్తుంది. మురికి కాలవ నీళ్లు పోస్తే మంచినీళ్లు చేసి ఇచ్చేంత బలం దానికి లేదు.

వెండినే ముందు పెట్టి చేసిన ఫిల్టర్లు మన దగ్గర వచ్చాయి. 2009లో వచ్చిన టాటా స్వచ్ఛ్‌లో వరి ఊక బూడిద మీద వెండి నానో రేణువులు ఉండేవి, కరెంటు అక్కర్లేదు. ఊక బూడిదతో గిన్నెలు తోమిన మనకి ఇది విని నవ్వొచ్చింది గానీ మంచి ఆలోచన. తర్వాత మద్రాసు ఐఐటీలో ప్రదీప్ గారి బృందం 2013లో ఒక పద్ధతి ప్రచురించింది. అందులో వెండి రేణువుల్ని ఒక జల్లెడలాంటి పదార్థంలో బంధించి, నీళ్లలోకి లీటరుకి సుమారు 40 మైక్రోగ్రాముల వెండి మాత్రమే నిలకడగా వదిలేలా చేశారు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 100 మైక్రోగ్రాముల దాకా ఫర్వాలేదు. కాబట్టి మంచి కంపెనీ ఫిల్టర్ వాడుతూ కాట్రిడ్జ్ టైముకి మారిస్తే దిగులు లేదు.

ఉగ్గు గిన్నె సంగతా? పెట్టుకోండి, ముచ్చటగా ఉంటుంది. ఆ గిన్నెలోంచి దిగే వెండి చాలా కొంచెం, దానివల్ల హాని లేదు, కానీ క్రిములూ చావవు. గిన్నె మరిగే నీళ్లలో కడగండి, ఉగ్గు మిగిలితే మళ్లీ పెట్టకండి.

ప్రశ్న: వెండి, పూత ఏదీ లేకుండా ఉత్త ఎండతో నీళ్లు శుభ్రం చేసుకోవచ్చా? పొలంలో ఫిల్టర్లు ఉండవు కదా.
— ఒక రైతు, మహబూబ్‌నగర్

జవాబు: చేసుకోవచ్చు. తేటగా ఉన్న నీళ్లని రంగులేని ప్లాస్టిక్ సీసాలో పోసి, రేకు మీద అడ్డంగా పడుకోబెట్టి, మంచి ఎండలో ఆరు గంటలు ఉంచండి. సగానికి పైగా మబ్బుంటే రెండు రోజులు. రెండు లీటర్లకి మించిన సీసా వద్దు, బురద నీళ్లయితే ముందు బట్టతో వడగట్టి తేర్చండి. బీరూట్‌లో ఆక్రా అనే ప్రొఫెసర్ 1980 ప్రాంతంలో దీన్ని పరీక్షించి చూపించాడు, ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. పురుగుమందు, ఫ్లోరైడ్ మాత్రం ఎండకి పోవు.

ప్రశ్న: నేను ఇంటర్ సెకండియర్. సైన్స్ ఫెయిర్‌కి 'వెలుగుతో క్రిములను చంపే వెండి' ప్రాజెక్ట్ చేద్దామనుకుంటున్నాను. ఏం చేస్తే బాగుంటుంది సార్?
— విజయవాడ

జవాబు: బ్యాక్టీరియా జోలికి ఇంట్లో వెళ్లకు. కాలవ నీళ్లు తెచ్చి అగర్ ప్లేట్ మీద పెంచితే అందులో ఏం పెరుగుతుందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. కాలేజీలో మైక్రోబయాలజీ మేడమ్ దగ్గరుండి చేయిస్తే సరే. అప్పుడు కూడా ఒకటి ఎండలో, ఒకటి రేకు చుట్టి అదే ఎండలో, ఇంకొకటి వెండి లేకుండా ఎండలో పెట్టు. రేకు చుట్టినదాన్ని కూడా ఎండలోనే ఎందుకంటే, నీడలో పెడితే చల్లగా ఉంటుంది, అప్పుడు చంపింది వెలుగో వేడో చెప్పలేవు. రేకు వల్ల కూడా కొంచెం తేడా ఉంటుంది కాబట్టి మూడింటికీ థర్మామీటర్ పెట్టి రాసుకో. విజయవాడ ఎండలో ఈ మాట మరీ ముఖ్యం.

వెలుగు సంగతి ఒక్కటే చూపించాలంటే పదో తరగతిలో చదివిన పాఠం చాలు. ల్యాబ్ ఇన్‌ఛార్జ్‌ని అడిగి పల్చటి సిల్వర్ నైట్రేట్ ఓ ఐదు మిల్లీలీటర్లు తీసుకో, గ్లౌజులు వేసుకో (నా వేళ్ల కథ చదివావుగా). దాంట్లో ఉప్పు నీళ్లు కలిపితే పాలు విరిగినట్టు తెల్లగా విరుగుతుంది. గదిలో లైటు తగ్గించి, దాన్ని వడపోత కాగితం మీద పల్చగా పరిచి, పైన ఒక వేపరెమ్మ పెట్టి, గాజు పలక మూసి ఎండలోకి తీసుకురా. కళ్లముందే అంచుల నుంచి లేత ఊదా, తర్వాత ముదురు, తర్వాత బూడిద రంగు తిరుగుతుంది. రెమ్మ తీస్తే ఆకుల ఈనెల కొసల దాకా తెల్లగా ముద్ర పడి ఉంటుంది.

అది చూపించాలని ఫెయిర్‌కి తీసుకెళ్తావు కదా, జడ్జిలు నీ బల్ల దగ్గరికి వచ్చేలోపు ముద్ర కూడా నల్లబడుతుంది. అలా కాకూడదంటే ఫొటోలు కడిగేటప్పుడు వాడే హైపో ద్రావణంలో కాసేపు ముంచి కడగాలి. పటమటలోనో గవర్నర్‌పేటలోనో పాత ఫొటో స్టూడియో ఒకటి వెతుకు, డార్క్‌రూమ్ మూసేసి ఇరవై ఏళ్లయినా అటక మీద ఓ డబ్బా మిగిలే ఉంటుంది.